మన ఊరి మనిషికి మన నుడిలో పాట



హొసూరు, కోలారు, బళ్ళారి, బరంపురం, సోలాపురం, యానాం. ఎక్కడ ఉన్నా మనం తరతరాలుగా తెలుగు మాట్లాడుతున్నవాళ్ళం. మన ఊళ్ళలో సన్మానాలకు కొదవ లేదు. సన్మానం పొందిన మనిషికి శాలువా దక్కుతుంది. మరి ఊరికి మిగిలేదేమిటి? శాలువాతోపాటు ఆ మనిషి మీద ఒక పాట కట్టి పాడుదామని నా మనవి.

ఇది మనకు కొత్త కాదు. గీతవృత్తి కుటుంబంలో పుట్టిన సర్వాయి పాపన్న 1710లో చనిపోయాడు. 1874లో బాయిల్ అనే ఆంగ్లేయుడు తెలుగు వీరగీతాలను గురించి ప్రచురించేనాటికి పాపన్న పాట జనం నోట బతికే ఉంది. నూట అరవై ఏళ్లకు పైగా దానిని కాపాడింది గాయకుల గొంతు, వినేవారి చెవి. తెలంగాణ పోరాట కాలంలో సుద్దాల హనుమంతు పశువులు కాసే పిల్లవాడి మీద పాట కట్టారు. పాటకు ఎక్కడానికి కత్తి పట్టిన వీరుడే కానక్కరలేదని అది చాటింది.

మన ఊళ్ళలో అలాంటివారు లేరా? చెరువు తూము ఎత్తి ఆఖరి మడికీ న్యాయంగా నీరు పారించిన నీరుగంటి ఉన్నాడు. అర్ధరాత్రి లాంతరు పట్టుకొని కాన్పులకు వెళ్ళిన మంత్రసాని ఉంది. సాయంత్రం అరుగు మీద పిల్లలకు అక్షరాలు దిద్దించిన పెద్దాయన ఉన్నాడు. నీరుగంటి మీద పాట కడితే తూము, అలుగు, కట్ట, మడవ అనే మాటలూ దానితో నిలుస్తాయి. ఆ మాటలు మన పిల్లల పాఠ్యపుస్తకాలలో దొరకవు.

తమిళనాడులో 2006 నాటి చట్టం ఒకటో తరగతి నుండి తమిళాన్ని తప్పనిసరి చేసింది. తెలుగు చదవలేని పిల్లలు మన ఇళ్ళలోనే పెరుగుతున్నారు. లిపి రాని బిడ్డ కూడా పాట నేర్వగలడు. అయితే పాట బడికి బదులు కాదు. తెలుగు బడి కోసం మన పోరాటం ఆగరాదు. బడి వచ్చేదాకా నాలుక మీద నుడి ఆరిపోకుండా చూసేది పాట.

పాట కట్టేవారికి నాలుగు మాటలు. ముందుగా ఆ మనిషి అనుమతి అడగండి. వారి పనిని దగ్గర కూర్చొని వినండి. పొగడ్తలు వద్దు, చేసిన పని చెప్పండి. మన యాసను పుస్తకాల భాషలోకి దిద్దకండి. బాణీలకు కరవు లేదు. తుమ్మెద పదాలు, గొబ్బి పదాలు, వెన్నెల పదాలు అంటూ పాల్కురికి సోమనాథుడు 13వ శతాబ్దిలోనే పేర్కొన్నాడు. మన కోలాటాలు, చెక్కభజనలు నేటికీ ఉన్నాయి.

పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ వాడుకభాషకు గౌరవం తెచ్చిన గిడుగు రామమూర్తి పుట్టినరోజు ఆగస్టు 29. ఆనాటికి ఊరికి ఒక పాట సిద్ధం చేయండి. ఎవరి మీద కట్టారో వారిని ముందు వరుసలో కూర్చోబెట్టి, పిల్లల చేత పాడించండి.