ఎర్తు పిన్ను తీయకండి
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన గుంటూరు, ప్రకాశం జిల్లాల జిన్నింగ్ మిల్లుల్లో, మిర్చి కోల్డు స్టోరేజీల్లో మోటార్లకు ఎలక్ట్రానిక్ డ్రైవులు వచ్చాయి. వాటిని పరీక్షించేందుకు మన పిల్లలు ఆసిలోస్కోపు పట్టుకుంటున్నారు. అందుకే ఈ నాలుగు మాటలు.

మామూలు బెంచి స్కోపులో ప్రోబు నల్ల క్లిప్పు లోపల ఎర్తుకే కలిసి ఉంటుంది. దాన్ని ఫేజుకు తగిలిస్తే షార్టే. ఒక మిల్లులో ఆ బాధ తప్పించుకోవాలని నేను స్కోపు ప్లగ్గుకు ఎర్తు పిన్ను తీసేశాను. తెర మీద తరంగం చక్కగా వచ్చింది. కాని క్లిప్పుతో పాటు స్కోపు పెట్టె కూడా ఫేజయింది. హెల్పరు కుర్రాడు దాని మీద చెయ్యి వేసి ఎగిరి పడ్డాడు. బతికాడు. తప్పు పూర్తిగా నాదే.

230 వోల్టులంటే ఆర్.ఎం.ఎస్. లెక్క, శిఖరం 325 దాకా పోతుంది. 415 వోల్టుల డ్రైవులో డి.సి. సుమారు 580 ఉంటుంది. కాబట్టి ప్రోబు మీద రాసిన పరిమితి ముందు చూడాలి. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఆ పరిమితి తగ్గుతుందని మరవకూడదు. ఇలాంటి పనికి డిఫరెన్షియల్ ప్రోబే సరైనది. సప్లై ఆపినా కెపాసిటర్లలో చార్జి మిగిలే ఉంటుంది. డ్రైవు మీద రాసినంతసేపు ఆగి, మీటరుతో చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి.

ఇంటికెళ్ళి మీ పిల్లలకు ఈ ఒక్క మాట చెప్పండి. వాళ్ళూ మనలాగే క్షేమంగా రిటైరు కావాలి. సెలవు.