జీపు టాపు కుట్టిన చెయ్యి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

కార్యదర్శి గారు ఫోన్ చేసి, "మీరు ఇంజనీరు కదండీ, పిల్లలకి పనికొచ్చేది ఏదైనా ఓ పావుగంట మాట్లాడండి" అన్నారు. రాకెట్ల గురించో, కంప్యూటర్ల గురించో చెబుతాననుకుని ఉంటారు. నాకు అంత రాదండి. గేటు బయట ఆపిన ఆ పాత జీపు టాపు గురించి చెబుతాను. పొద్దుటినుంచి చాలామంది దాని చుట్టూ తిరిగి, గుడ్డ పట్టుకు చూసి, "ఎక్కడ వేయించావు?" అని అడిగారు. అందరికీ కలిపి ఇదే జవాబు.

అది మహీంద్రా ఎం.ఎం. 540. ఈ మోడల్ 1985లో వచ్చింది. 2112 సీసీ ప్యూజో డీజిల్ ఇంజను. మా నాన్నగారు కొబ్బరికాయల వ్యాపారం కోసం సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. ఓడలరేవు ఇసుకలోనూ, వైనతేయ గట్టు మీది బురదలోనూ తిరిగిన బండి. మా వీధి వాళ్లకి దాని మోత ఇంకా గుర్తే. 1996 నవంబరు 6 రాత్రి తుఫానుకి దాని కాన్వాసు టాపు కొట్టుకుపోయింది. తెల్లారి చూస్తే మా తోటలో నిలబడ్డ చెట్లకంటే పడ్డవే ఎక్కువ. ఇక టాపు కోసం ఎవరు వెతుకుతారు? ఆ తర్వాత నాన్నగారు వెల్డింగ్ షాపులో ఇనప రేకు టాపు వేయించి, "ఇక ఇది ఎగరదు" అన్నారు. నిజమే, ఎగరలేదు. కానీ ఉప్పుగాలికి తుప్పు పట్టి, కొన్నేళ్లకు జల్లెడయిపోయింది.

నాన్నగారు పోయాక బండి షెడ్డులో పడి ఉంది. ముప్పై ఏళ్లు బయటి రాష్ట్రాల్లో ఉద్యోగం చేసి నేను ఊరికి వచ్చాక దాని పని పట్టాను. ముందు ఆర్సీ తీసి చూశాను. అందులో బాడీ రకం సాఫ్ట్ టాప్ అనే ఉంది. మీలో పాత బళ్లున్నవాళ్లు మొదట ఈ పనే చెయ్యండి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. ఆ లెక్కన మా బండికి గుడ్డ టాపే న్యాయమైనది. ఇన్నేళ్లూ తప్పు చేసింది రేకు టాపే.

ఇప్పుడు నా తెలివి వినండి. ఒక రెడీమేడ్ కిట్టు తెప్పించాను. అన్ని జీపులకీ సరిపోతుందని దాని మీద రాసి ఉంది. అన్నిటికీ సరిపోయేది దేనికీ సరిగ్గా సరిపోదని ఇంజనీరుకి తెలియాలి కదండీ! జనవరి నెల, మంచు పడే పొద్దున్నే మొదలుపెట్టాను. ముందు ఎడమ మూల దగ్గర మొదటి టిచ్ బటన్ కొట్టి, అక్కణ్ణించి వెనక్కి వరసగా ఒక్కొక్కటే లాగి బిగించుకుంటూ, బాడీకి డ్రిల్లు వేసుకుంటూ పోయాను. ఒక్కో బటన్ దగ్గర నాలుగు మిల్లీమీటర్ల తేడా. కంటికి ఆనదు. పన్నెండో బటన్ దగ్గరికి వచ్చేసరికి 48 మిల్లీమీటర్లు, అంటే దాదాపు రెండు అంగుళాలు. వెనక పరదా ఒక పక్కకి మూతి వంకరగా వచ్చింది. మధ్యాహ్నం ఎండెక్కగానే, పొద్దున బిగుతుగా ఉన్న గుడ్డ కాస్తా వదులై మధ్యలో గుంట పడింది. అక్కడ బిందెడు నీళ్లు నిలుస్తాయి.

చేసేది లేక అమలాపురంలో సీటు కవర్లు, టార్పాలిన్లు కుట్టే ఒక షాపుకి వెళ్లాను. ఆ షాపు ఎవరిదో నాకు ముందే తెలుసు. తెలుసు కాబట్టే అంతవరకు వెళ్లలేదు. వాడు నా క్లాస్‌మేట్. తొమ్మిదో తరగతి మధ్యలో తండ్రి పోతే బడి మానేసి, మేనమామ దగ్గర కుట్టుపనికి చేరాడు. బడి వార్షికోత్సవానికి స్టేజి తెర చిరిగితే రాత్రికి రాత్రి కుట్టి తెచ్చినవాడు వాడే. వాడి పేరు చెప్పొద్దన్నాడు, చెప్పను.

నన్ను చూసి లేచి నిలబడి, "రండి ఇంజనీరు గారూ" అన్నాడు. ఆ 'గారు' నాకు గుచ్చుకుంది. మర్నాడు ఊరికి వచ్చి బండి చూశాడు. నేను వేసిన డ్రిల్లు రంధ్రాల వరస మీద వేలు పెట్టి, చివరిదాకా తీసుకెళ్లి, అప్పుడు నా వైపు తిరిగాడు. "ఒక చివర్నుంచి మొదలెట్టమని నీకెవడు చెప్పాడ్రా?" అన్నాడు. ఆ 'రా' వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

వాడు చేసిన పని చెబుతాను, పిల్లలూ రాసుకోండి. ముందు గుడ్డని ముట్టుకోలేదు. రెండు కమాన్లూ సమంగా ఉన్నాయా అని దారం కట్టి చూశాడు. ఒకటి వేలెడు వంగి ఉంది. దాన్ని సరిచేశాకే టేపు తీశాడు. విండ్‌షీల్డు ఫ్రేముకి మధ్యన సుద్దముక్కతో గీత, వెనక తలుపుకి మధ్యన మరో గీత, గుడ్డ మీద నిలువునా ఇంకో గీత. మూడూ ఒక వరసలోకి వచ్చాక ముందు అంచుని ఫ్రేము గాడిలోకి ఎక్కించాడు. అక్కణ్ణించి మధ్యలో ఒకటి, కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. తేడా ఏదైనా ఉంటే రెండు పక్కలా సగం సగం పంచుకుంటుంది, ఒకే చివర పోగుపడదు. మన లెక్కల మాస్టారు "ముందు మధ్యబిందువు పెట్టండ్రా" అని బెత్తం చూపించి చెప్పేవారు. ఆ పాఠం తొమ్మిదిలో మానేసినవాడికి గుర్తుంది. ఇంజనీరింగ్ చదివినవాడు మరిచిపోయాడు.

బటన్లు కొట్టేముందు గుడ్డని రెండు గంటలు ఎండలో ఆరేశాడు. ప్లాస్టిక్ పూత ఉన్న పాలిస్టర్ గుడ్డ వేడికి సాగుతుంది, చల్లదనానికి ముడుచుకుంటుంది. ఎండలో సాగినప్పుడే బిగిస్తే తర్వాత గుంట పడదు. అలాగే ముందు ముక్క అంచు వెనక ముక్క మీదికి రావాలి, పెంకుటింటి మీద పై పెంకు కింది పెంకు మీదికి వచ్చినట్టు. తిరగేసి కుడితే బండి వేగానికి గాలి అంచు కింద దూరి లేపేస్తుంది. ఆ గాలి లెక్క మాత్రం నేను వాడికి చెప్పాను. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో గాలి ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు ఏడున్నర కిలోల బరువంత. 80 కిలోమీటర్లకి అది రెట్టింపు కాదు, నాలుగింతలు, అంటే సుమారు 30 కిలోలు. వాడు విని, "అందుకే కదా మూలల్లో రెండు మడతలు వేసి కుడతాం" అన్నాడు.

కుట్టు మరీ దగ్గరగా వేస్తే గుడ్డ తపాలా బిళ్లల షీటులా చిరుగుతుందని చెప్పాడు. పాత నూలు కాన్వాసు తడిస్తే దారం ఉబ్బి సూది రంధ్రాన్ని తనే మూసుకుంటుంది. ఈ ప్లాస్టిక్ గుడ్డకి ఆ గుణం లేదు. అందుకే కుట్ల మీద లోపలివైపు మైనం రుద్దాడు. సముద్రపు గాలికి ఇనప బటన్లు నిలవవని ఇత్తడివి తెచ్చాడు. నేను పాడుచేసిన రంధ్రాలన్నిటినీ గీకి, రెడ్ ఆక్సైడ్ పూసి మూసేశాడు. కిటికీల పారదర్శక షీటుని చలి పొద్దున చుట్టొద్దనీ, పగులుతుందనీ, దాన్ని కిరోసిన్‌తో తుడవొద్దనీ హెచ్చరించాడు. మూడు రోజుల పని. మొదటి వాన మొన్ననే పడింది. డ్రైవరు సీటు మూల ఒక్కచోట చెమ్మ దిగింది, అంతే. దాన్ని కూడా వచ్చి చూస్తానన్నాడు.

ఇక అసలు మాట. నేను ఆ షాపుకి వెళ్లడానికి ఎందుకు జంకానో చెప్పాలి. 1996 తుఫాను తర్వాత వాడు నాకు ఒక ఉత్తరం రాశాడు. షాపు కప్పు లేచిపోయింది, మిషను నీళ్లలో నానింది, మూడు వేలు సర్దగలవా అని. అప్పుడు నాకు కొత్త ఉద్యోగం, కొత్త కాపురం. తర్వాత రాద్దామనుకున్నాను. నెల దాటాక సిగ్గేసింది. ఏడాది దాటాక మరిచిపోయినట్టు నటించాను. మరిచిపోలేదు. జీపు దగ్గర మూడు రోజులు వాడితో కూర్చున్నాను, భోజనం చేశాను, పాత మాటలన్నీ చెప్పుకున్నాం. ఆ ఉత్తరం ఊసు వాడెత్తలేదు. నాకు ధైర్యం చాలలేదు. ఈ మాట వాడితో విడిగా అనాల్సింది. అనలేకపోయాను కాబట్టి మీ అందరి ముందు అంటున్నాను. వాడు చివరి వరసలో కూర్చుని ఉన్నాడు. ఒరే, తప్పు నాదిరా.

పెద్దలకు ఒక మనవి. ఈ సభకు వాడికి ఆహ్వానం అందలేదు, నేను తీసుకొచ్చాను. ఎందుకు అందలేదని అడిగితే, మన సంఘం జాబితా పదో తరగతి పాసైనవాళ్ల నుంచి తయారైందన్నారు. ఇందులో ఎవరి తప్పూ లేదు, దొరికిన కాగితం అది. కానీ మధ్యలో బడి మానేసిన వాళ్లూ ఈ బల్లల మీదే కూర్చున్నారు, ఈ మాస్టార్ల చేతే దెబ్బలు తిన్నారు. ఆడపిల్లల్లో అయితే అలా మానేసినవాళ్లే ఎక్కువమంది. కాబట్టి ఈసారి జాబితాని అడ్మిషన్ రిజిస్టరు నుంచి రాద్దాం. ఆ రాసే పని నేను చేస్తాను. ఊరూరా తిరగాలంటే బండి ఉంది, దానికి టాపు కూడా ఉంది.

సభ అయ్యాక ఎవరైనా జీపులో సముద్రం దాకా వస్తానంటే రండి. వానొచ్చినా ఫరవాలేదు. డ్రైవరు సీటు మూల నేను కూర్చుంటాను.