ఉప్పు ప్యాకెట్, ఉదయపు నడక
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన సంఘానికి 50 ఏళ్లు నిండిన సందర్భంగా, వైద్యుడిగా నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు అడిగారు. ఇందాక మన మధ్య లేనివారి పేర్లు చదివారు. వాళ్లలో ఎందరు గుండెపోటుతో పోయారో మీకూ తెలుసు. అందుకే గుండె గురించే మాట్లాడతాను.

గుండెజబ్బు పట్నం వాళ్లకే వస్తుందని మనకొక నమ్మకం. గోదావరి జిల్లాల్లో 45 పల్లెల మరణాలను పరిశీలించిన అధ్యయనం ఒకటి 2006లో వెలువడింది. అక్కడ దాదాపు మూడింట ఒక మరణానికి కారణం గుండెజబ్బు, పక్షవాతం వంటివే. కాబట్టి తడలో ఉన్నామని మనకు మినహాయింపు లేదు.

ముందు తిండి సంగతి. 2022లో మనం తిరుపతి జిల్లాలో కలిశాం కానీ, నాలుక మాత్రం ఇంకా నెల్లూరుదే. ఊరగాయ, అప్పడం, ఎండుచేప లేనిదే ముద్ద దిగదు. వీటన్నిటిలో ఉన్నది ఉప్పు. మనిషికి రోజుకు 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను, మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఇంట్లో ఇద్దరే ఉంటే కిలో ప్యాకెట్ మూడు నెలలకు పైగా రావాలి. మీ ఇంట్లో ఎన్నాళ్లు వస్తుందో ఈసారి ప్యాకెట్ మీద తేదీ రాసి చూడండి. ఊరగాయలో, ఎండుచేపలో ఉన్నది దానికి అదనం. సోడియం తక్కువని అమ్మే ఉప్పు కొనేముందు డాక్టరును అడగండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు, కొన్ని రకాల బీపీ మాత్రలు వాడేవాళ్లకు అది ప్రమాదం.

పులికాట్ చేపలు మానమని నేను చెప్పను. వేపుడు తగ్గించి, నూనె తేలకుండా పులుసు పెట్టుకోండి. అన్నం కాస్త తగ్గించి పప్పు, ఆకుకూర, కూరగాయలు పెంచండి. రాత్రిపూట రెండు బిస్కెట్లతో సరిపెట్టుకునే పెద్దవాళ్లను చాలామందిని చూశాను. అలా చేస్తే కండ కరిగిపోతుంది. పప్పో, గుడ్డో, పెరుగో ప్రతి పూటా ఉండాలి.

ఇక నడక. 1953లో లండన్‌లో జెర్రీ మోరిస్ అనే వైద్యుడు బస్సు సిబ్బంది మీద చేసిన పరిశోధన ప్రచురించారు. రోజంతా సీట్లో కూర్చునే డ్రైవర్ల కంటే, రెండంతస్తుల బస్సు మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెపోటు తక్కువగా వచ్చింది. మన బడికి నడిచొచ్చిన మనమే ఇప్పుడు వీధి చివర అంగడికి కూడా బండి తీస్తున్నాం.

వారానికి 150 నిమిషాలు చాలు. రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు. నడుస్తుంటే మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదే సరైన వేగం. ఎండాకాలంలో పొద్దెక్కకముందే ముగించండి. హైవే అంచున వద్దు, మన బడి మైదానం ఉంది. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం, గోడ పక్కన ఒంటికాలి మీద నిలబడటం కూడా సాధన చేస్తే పడిపోయే భయం తగ్గుతుంది. స్టెంట్ వేయించుకున్నవాళ్లు, నడిస్తే ఛాతీ పట్టేసేవాళ్లు ముందు డాక్టరును కలవాలి. నడక మొదలెట్టామని బీపీ, షుగర్ మాత్రలు మానకండి.

మరో ముఖ్యమైన మాట. ఛాతీ బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లటి చెమట వస్తే గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకోవద్దు. ఆడవాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు నొప్పి లేకుండా ఆయాసం, నీరసం మాత్రమే రావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయండి. తిరుపతికైనా చెన్నైకైనా మనకు గంటకు పైగా ప్రయాణం. పూడుకున్న రక్తనాళం ఎంత త్వరగా తెరుచుకుంటే గుండె కండ అంత మిగులుతుంది. పిల్లలు ఊళ్లో లేరు, తెల్లారాక చూద్దాం అనుకునేలోపే సమయం దాటిపోతుంది.

మనలో చాలామంది పిల్లలు బెంగళూరులోనో, అమెరికాలోనో ఉన్నారు. ఇంట్లో మిగిలింది ముసలి దంపతులు, లేదా ఒక్కరే. ఒంటరిగా మొదలెట్టిన నడక వారం దాటదు. అందుకే సంఘానికి నా ప్రతిపాదన: రోజూ ఉదయం ఆరింటికి మైదానంలో కలుద్దాం. ఎవరైనా రెండు రోజులు రాకపోతే మూడోరోజు వాళ్లింటికి వెళ్దాం. నెలకోసారి అందరికీ బీపీ నేనే చూస్తాను.

పదేళ్లకు వజ్రోత్సవం వస్తుంది. ఆ సభకు అందరం మన కాళ్ల మీద నడిచి వద్దాం.