పాత ఇంటి దూలం కూడా లెక్కలోకి రావాలె

 

కవ్వాల్ టైగర్ జోన్ కోసం కడెం మండలంల రాంపూర్, మైసంపేట 2024లో ఖాళీ అయినయి. జనం మద్దిపడగ దగ్గర కొత్త కాలనీకి చేరిన్రు. రేపు ఇంకో గూడెం వంతు రావచ్చు. మనకు వినబడేది ఒకటే అంకె: కుటుంబానికి 15 లక్షలు, లేకుంటే ఇల్లు, భూమి. ఆ రెండోదాంట్ల సొమ్ము ఎట్ల పంచుతరో చూడండి. భూమికి 35 శాతం, హక్కుల పరిష్కారానికి 30, ఇంటి జాగకు, ఇంటికి కలిపి 20, ఊరి వసతులకు 10, ప్రోత్సాహకం 5. పాత ఇంటి టేకు దూలాలు, తలుపులు, పెంకలు మోసుకపోను వేరే పద్దు లేదు.

2013 భూసేకరణ చట్టం రెండో షెడ్యూల్‌ల ఆ పద్దు ఉన్నది. నిర్వాసిత కుటుంబానికి రవాణా ఖర్చు 50 వేలు. మనుషులు, పశువులతో పాటు ఇంటి నిర్మాణ సామాను అని కూడా రాసిన్రు. పశువులుంటే కొట్టం కట్టుకోను కనీసం 25 వేలు. ప్రాజెక్టు కింద పోతే దూలానికి విలువ ఉంటదట, పులి కోసం పోతే ఉండదా?

అటవీ హక్కుల చట్టం సెక్షన్ 4(2) ప్రకారం తరలింపుకే కాదు, ప్యాకేజీకి కూడా గ్రామసభ సమ్మతి రాతపూర్వకంగా కావాలె. సంతకానికి ముందే తీర్మానంల రాయించండి: ఏ ఇంటికి ఎన్ని దూలాలు, ఎన్ని తలుపులు, మోత ఖర్చు ఎవరిది. చెక్‌పోస్టు కాడ ఆ కలపను ఆపకుండ అటవీ శాఖ కాగితం కూడా అడగండి. అక్కడ ఇచ్చేది స్లాబు ఇల్లే కావచ్చు. తాత నిలబెట్టిన దూలం పశువుల కొట్టానికన్న పనికొస్తది.