హద్దులు ఎవరి మేలుకు?

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా ఉట్నూర్‌లో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న ఈ దినోత్సవం ఎందుకు జరుపుకుంటామో మన పిల్లలకు కూడా తెలియాలి. 1979లో కేంద్ర ప్రభుత్వం పెన్షన్ లెక్కకట్టే పద్ధతిని మెరుగుపరచి, ఆ ఏడాది మార్చి 31కి ముందు రిటైరైన వారిని వదిలేసింది. డి.ఎస్. నకారా గారు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1982 డిసెంబరు 17న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, పెన్షన్ దయాధర్మం కాదని, తేదీ పెట్టి పెన్షనర్లను విడదీయడం సమానత్వానికి విరుద్ధమని తీర్పు చెప్పింది. ప్రభుత్వానికి కోర్టు హద్దు గీసింది. మనం సంతోషించాము.

అదే హద్దు మన ఏజెన్సీలో ఎలా పనిచేసిందో చూద్దాం. షెడ్యూల్డ్ ప్రాంతాల కోసం రాజ్యాంగం ఐదవ షెడ్యూలులో గవర్నరుకు ప్రత్యేక అధికారం ఇచ్చింది. దానికి పగ్గం కూడా వేసింది. రెగ్యులేషన్ చేయాలంటే గిరిజన సలహా మండలిని సంప్రదించాలి, రాష్ట్రపతి ఆమోదం పొందాలి. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోరాదని చెప్పే 1/70 అలా వచ్చిందే. దానిని సవాలు చేస్తే 1988లో పి. రామిరెడ్డి కేసులో సుప్రీంకోర్టు నిలబెట్టింది. 1997లో సమతా తీర్పు, ప్రభుత్వ భూమిని సైతం ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వరాదన్నది.

ఇక జీవో 3 సంగతి. 2000 జనవరి 10న వచ్చిన ఈ జీవో, ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చింది. టీచర్లు బడికి సరిగా రావడం లేదన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. గోండి, కొలామి మాట్లాడే పిల్లలకు తమ భాష తెలిసిన పంతులు దొరికితే ఎంత మేలో ఇక్కడ పనిచేసిన మీకు చెప్పనక్కర్లేదు. 2001లో హైకోర్టు సమర్థించింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఆ పేరాలో గవర్నరుకున్న అధికారం ఉన్న చట్టాన్ని ఆపడానికో, మార్చి వర్తింపజేయడానికో తప్ప కొత్త చట్టం చేయడానికి కాదన్నది. నూరు శాతం రిజర్వేషన్ చెల్లదన్నది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవారిని మాత్రం, మళ్లీ ఇలాంటి ప్రయత్నం చేయరాదన్న షరతుతో కాపాడింది.

డి.ఎడ్. చదివిన పిల్లలున్న గిరిజన ఇళ్లలో ఆ తీర్పు ఎంత బాధ పెట్టిందో మనకు తెలుసు. అయినా మనకు అనుకూలమైతే కోర్టు మంచిదని, కాకుంటే చెడ్డదని అనుకోవడం సరికాదు. కోర్టు మూసిన తలుపు నూరు శాతం రిజర్వేషన్. గిరిజన భాషలు తెలిసిన టీచర్లను తయారుచేసే తలుపు తెరిచే ఉంది. ఆ మాట శాసనసభ్యులను, సలహా మండలిని అడగాలి.

మనకూ అదే పాఠం. 2025 ఫైనాన్స్ చట్టంలో పార్లమెంటు, రిటైరైన తేదీని బట్టి కేంద్ర పెన్షనర్ల మధ్య తేడా చూపే అధికారం ప్రభుత్వానికి ఉందని రాసింది. 1982 తీర్పు ఉంది కదా అని నిశ్చింతగా కూర్చునే రోజులు కావివి. ఒకరి హద్దును మరొకరు కాపాడాలంటే, అడిగే పౌరులు ఉండాలి. వయసు మీదపడినా ఆ ఉద్యోగానికి మనకు రిటైర్మెంటు లేదు.