నర్మదలో పులస



సూరతులోని తెలుగువారము మరమగ్గముల చప్పుడు నెఱుగుదుము గాని, ఉత్తరమున నర్మదా ముఖమునందున్న భాడభూత్ అను జాలరి గ్రామమును చూచినవారము కొద్దిమందిమే. 2023 వానకాలమున నేనచటికి పోయితిని.

రేవులో ఒక వృద్ధ జాలరి బుట్టలోని వెండిచేపను చూపి "పాల్వా" అనెను. గోదావరి గట్టున పుట్టినవాడను, గుర్తింపకుందునా? సముద్రమున విలస, వరదకెదురీది ఏటిలో ప్రవేశించిన పులస! పుస్తెలమ్మియైన తినవలెనను చేప అదియే.

బేరమాడబోయి ఆగితిని. అతడు చేయి చూపిన దిక్కున నదికడ్డముగా బ్యారేజి నిర్మాణము సాగుచుండెను. ఉప్పునీటిని ఆపి మంచినీటిని నిలుపుటకని ప్రభుత్వము. చేపదారి మూయబడునని జాలరులు. "మీ దేశమున నేమైన"దని అతడడిగెను.

1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప పులసకు అదియే పొలిమేర. కాని ఆ కట్ట నీటితో పండిన అన్నమే తిని నేను పెరిగితిని. ఏమని బదులు చెప్పుదును? మౌనముగా మరలితిని.

ఇట్టి దస్త్రములు మన బల్లలమీదికి వచ్చుచుండును. కలము పట్టుటకు ముందొకసారి రేవునకు పోయి, ఆ బుట్టలోనికి తొంగిచూడుడని నా మనవి.