‘రన్’ అను చిన్న మాట



నేటి ప్రసంగమునకు నేను గైకొన్న విషయము ఇంగ్లీషున మూడక్షరముల మాట: ‘రన్’. దీని యర్థము పరుగెత్తుట యని చిన్న తరగతి బాలుడును చెప్పగలడు. కాని ఆక్స్‌ఫర్డు మహానిఘంటువు సంపాదకులు ఈ మాటను మరల పరిశీలించి, క్రియాపదముగానే దీనికి 645 అర్థములు గలవని 2011లో లెక్క తేల్చిరి. 1989 నాటి రెండవ కూర్పులో అగ్రస్థానము ‘సెట్’ అను మాటది. యంత్రయుగమున రైలు, గడియారము, కర్మాగారము మున్నగునవి యన్నియు ‘రన్’ను ఆశ్రయించుటచే దాని కుటుంబము మిక్కిలి పెరిగినది.

ఇప్పుడు తెలుగు వంక చూడుడు. ‘రన్’ అను చోట మనకు బాలుడు పరుగెత్తును, నది ప్రవహించును, జలుబు చేసిన ముక్కు కారును, బస్సు నడచును, వర్తకుడు అంగడి నడుపును, సినిమా నూరు దినములు ఆడును. ఎన్నికలలో అమెరికా అభ్యర్థి ‘పరుగెత్తును’. ఇంగ్లండు అభ్యర్థి ‘నిలుచును’. ఈ విషయమున తెలుగువారిది ఇంగ్లండువారి పక్షమే.

ఇట్టి మాటలు మనకును లేకపోలేదు. చేయి పట్టుదుము, ఇనుము తుప్పు పట్టును, కంటికి నిద్ర పట్టును, పనికి పది దినములు పట్టును. 1852లో మద్రాసున వెలువడిన బ్రౌను దొర తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు నేటికిని ఉపయోగపడుటకు కారణము, ఆయన మాటలకు అర్థములతోపాటు వాడుకలను గూడ చూపుటయే.

తమిళనాట తరతరములుగా నున్న మన పిల్లలు ఇంట తెలుగు, వీధిలో తమిళము, బడిలో ఇంగ్లీషు పలుకుదురు. మూడు భాషలు వచ్చుట భాగ్యమే. కాని “బస్సు రన్ అవుతున్నది, కొట్టు రన్ చేస్తున్నారు, సినిమా రన్ అవుతున్నది” అనునప్పుడు, ఒక్క మాట వచ్చి నడచు, నడుపు, ఆడు అను మూడు మాటలను ఇంటి నుండి వెడలగొట్టుచున్నది. తెలుగు రాష్ట్రములలోనైన, మరచిన మాటను వీధియో పత్రికయో మరల నేర్పును. ఇచ్చట మన యిల్లు, ఈ పాఠశాల తప్ప వేరు దిక్కు లేదు.

కావున విద్యార్థులారా, వారమునకొక ఇంగ్లీషు మాట గైకొని, దానికి తగిన తెలుగు మాటలను సందర్భములతో నోటుపుస్తకమున వ్రాసికొనుడు. తోచనిచో మీ అవ్వను, తాతను అడుగుడు. మీ ఇంగ్లీషు బలపడును. వారి తెలుగు మీకు దక్కును.